సమానం కాని మెట్లు

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కరించి రాసేది. నేను క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను.

కంటి జబ్బుల మీద పరిశోధన చేసేదానికి మనస్తత్వాన్ని కొలిచే లెక్కలతో ఏం పని అని పోయిన ఉత్తరంలో అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మీకు కాగితం మీద చెప్పడమే నయమనిపించింది.

కంటి పరీక్ష గదిలో గోడకు ఉండే అక్షరాల పలకను 1862లో హాలండ్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించాడు. అందులో 6/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచే చదవగలగడం) నుంచి 6/36కి, 6/12 నుంచి 6/9కి, అలా 6/6 దాకా దిగుతాం గానీ ఆ మెట్లు ఒకే నిష్పత్తిలో ఉండవు. పై వరుసలో ఒక్కటే అక్షరం, కిందికి పోయేకొద్దీ ఎక్కువ. అందుకని "రెండు వరుసలు మెరుగైంది" అన్న మాటకు అందరి విషయంలోనూ ఒకే అర్థం రాదు. 1976లో మెల్‌బోర్న్‌లో బెయిలీ, లవీ అనే ఇద్దరు వరుసకు ఐదేసి అక్షరాలు పెట్టి, ప్రతి వరుసలోనూ పరిమాణం దాదాపు 1.26 రెట్లు తగ్గేలా కొత్త పలక చేశారు. మీ భాషలో అది గుణశ్రేఢి. సంవర్గమానం తీసుకుంటే వరుసకు 0.1, అక్షరానికి 0.02. మెట్లు సమానమైన తరువాతే కూడికకూ తీసివేతకూ అర్థం వచ్చింది.

అయితే ఎంత చక్కని పలకైనా చూపులో ఒక భాగాన్నే కొలుస్తుంది. గ్లకోమాలో (నీటికాసుల జబ్బులో) సాధారణంగా ముందు పక్కచూపు పోతుంది, నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. అటువంటి మనిషి పలక మీద చివరి వరుస చదివేసి, బయటికి వెళ్తూ గడప తగిలి తూలవచ్చు. మాక్యులా, అంటే నడిమి చూపునిచ్చే రెటీనా భాగం, క్షీణించినవారి సంగతి దీనికి తలకిందులు: గదిలో తిరగగలరు, ఎదుటివారి ముఖం పోల్చుకోలేరు. ఆ ఇబ్బంది ఎంతో తెలియాలంటే రోగినే అడగాలి. అందుకే ప్రశ్నావళులు వచ్చాయి: చిన్న అక్షరాలు చదవడం, మెట్లు దిగడం ఎంత కష్టమని అడిగి, "కష్టమే లేదు" నుంచి "అసలు చేయలేను" దాకా ఒక జవాబు ఎంచుకోమంటారు.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. జవాబులకు 1 నుంచి 5 దాకా అంకెలు వేసి, అన్నీ కూడి, సగటు తీసి, పట్టిక గీసి సంతోషంగా చూపించాను. మా ప్రొఫెసరుగారు ఒక్క ప్రశ్నే వేశారు: "ఒకటికీ రెండుకూ ఉన్న దూరం, నాలుగుకూ ఐదుకూ ఉన్న దూరమూ ఒకటేనని నీకెవరు చెప్పారు?" స్నెల్లెన్ పలకను తప్పుపట్టిన నేనే అంతకన్నా వంకర కొలబద్ద చేతబట్టానన్నమాట.

డెన్మార్క్ గణితవేత్త జార్జ్ రాష్ 1960లో ప్రకటించిన నమూనా దీనికి ఒక దారి చూపింది. ఆయన పని బడిపిల్లల చదువు పరీక్షల మీద సాగింది కనుక మీకు సులువుగా పట్టుబడుతుంది. ఒక ప్రశ్నకు సరైన జవాబు వచ్చే సంభావ్యత విద్యార్థి సామర్థ్యానికీ ప్రశ్న కఠినతకూ మధ్యనున్న తేడా మీదే ఆధారపడుతుందని ఆయన ప్రతిపాదన. రెండూ సమానమైతే సగానికి సగం. సామర్థ్యం ఒక లాజిట్ (ఈ నమూనాలో తేడాను కొలిచే ప్రమాణం) ఎక్కువైతే దాదాపు 73 శాతం. విద్యార్థి స్థానంలో రోగిని, ప్రశ్న స్థానంలో మెట్లు దిగడాన్ని పెట్టండి. రోగిలో కంటికి కనిపించని ఒక లక్షణం, అంటే చూపుతో పనులు చేసుకునే సామర్థ్యం, ఆ పనుల కష్టం ఒకే గీత మీదికి వస్తాయి.

ఆ గీత మీద ఏ ప్రశ్న ఇమడదో తెలియడమే నాకు ఎక్కువ ఉపయోగపడింది. రాత్రి కారు నడపడం గురించి అడిగితే, జీవితంలో ఎన్నడూ కారు నడపని మనిషి ఖాళీ వదిలేస్తుంది. దాన్ని "చేయలేను" కింద లెక్కగడితే ఆమె చూపును అన్యాయంగా తగ్గించినట్టే. అలాగే "చూపు పోతుందేమోనని దిగులుగా ఉంటుందా" అన్న ప్రశ్నను చదవడం, నడవడం గురించిన ప్రశ్నలతో కలిపి కూడకూడదు. విరివిగా వాడే 25 ప్రశ్నల ప్రశ్నావళిని రాష్ పద్ధతిలో పరీక్షించినవారికీ పనులు ఒక కొలతగా, మనసుకు సంబంధించినవి మరో కొలతగా విడిపోయాయి. దిగులు వల్ల చూపు ఎక్కువ తగ్గినట్టు తోస్తోందా, చూపు తగ్గడం వల్లే దిగులా అన్నది ఒకసారి అడిగిన జవాబులతో తేలదు. తేలిందని రాసేవారిని నేను నమ్మను.

అడగని సంగతి ఏ నమూనాకూ అందదు కూడా. చూపు తగ్గిన కొందరికి లేని మనుషులూ బొమ్మలూ కనిపిస్తాయి. 1760లో జెనీవా ప్రకృతి శాస్త్రవేత్త షార్ల్ బోనే తన తాతగారి విషయంలో దీన్ని వర్ణించాడు. మతి పోయిందనుకుంటారేమోనన్న భయంతో నేటికీ చాలామంది బయటపెట్టరు. అన్నట్టు, గ్లకోమా తొలిదశలో రోగికి తెలియదు గనుక, మీరు అద్దాలకు వెళ్లినప్పుడు కంటి ఒత్తిడీ, కంటినాడీ కూడా చూడమని అడగండి.

ఇంతా చదివి మీరొక మెలిక పెడతారని తెలుసు. రాష్ నమూనాలో, అందరూ అవే ప్రశ్నలకు జవాబిస్తే, మనిషి స్థానం తేల్చడానికి మొత్తం మార్కులే చాలు. అలాంటప్పుడు నా కూడికలో తప్పేమిటి? మొత్తాలు వరుసను సరిగానే చెబుతాయి, వాటి మధ్య దూరాలే సమానంగా ఉండవు. దాని నిరూపణ వేరే కాగితం మీద రాసి ఈ కవరులోనే పెట్టాను. మూడో పంక్తి నుంచి నాలుగో పంక్తికి దూకిన చోట నాకే కొంచెం అనుమానంగా ఉంది. ఎర్రసిరాతో దిద్ది పంపండి.

ఇట్లు,
మీ అమ్మాయి