ముందు మన ప్రభుత్వ ఆఫీసుల లెక్క తేల్చండి

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కమిషనర్ గారికి,

నమస్కారం. చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాణ్ని. 2050 నాటికి నగరాన్ని నెట్ జీరోకు, అంటే గాల్లోకి వదిలే కార్బన్, తిరిగి పీల్చుకునే కార్బన్ సరిసమానమయ్యే స్థితికి చేరుస్తామంటూ 2023లో వచ్చిన వాతావరణ ప్రణాళిక చూసి నిజంగా సంతోషించాను. అయితే ఆ పని ప్రభుత్వ ఆఫీసుల్లోనే మొదలవ్వాలి కదండీ.

మొన్న పనిమీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. ఏసీ 18 మీద ఉంది, దాని కిందే కిటికీ బార్లా తెరిచి ఉంది. పక్క హాల్లో మనిషి లేడు, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. బయట అధికారి కోసం ఆగిన జీపు ఇంజన్ ఆపనే లేదు. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఇక ఏసీల్లోంచి లీకయ్యే గ్యాసును ఎవరూ లెక్కలోకే తీసుకోరు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే చల్లబరిచే గ్యాసు కిలో లీకైతే, వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన అది సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. నాకు అసలు టెన్షన్ దీని గురించే.

ఇందుకు కొత్త సర్వేలు అక్కర్లేదు. కరెంటు బిల్లులు, డీజిల్ వోచర్లు, గ్యాసు నింపిన రసీదులు మీ ఫైళ్లలోనే ఉంటాయి. వాటితో ఏటా ఆఫీసువారీగా ఉద్గారాల లెక్క కట్టించి, అందరూ చదివేలా నోటీసు బోర్డు మీద పెట్టించండి. మీ ప్రధాన కార్యాలయం రిప్పన్ బిల్డింగ్ లెక్క ముందు రావాలి. తగ్గించే బాధ్యత ఎవరిదో కూడా అందులో రాయించండి.

ఇట్లు,
మీ నగరవాసి