వీణ బొమ్మ నంబరు నాదే

వెస్ట్ మాంబళం, చెన్నై
9 ఫిబ్రవరి 2025

బుజ్జీ,

ఇవి ఫోన్లో చెప్పే మాటలు కావు, అందుకే రాస్తున్నాను. ఫోనైతే నువ్వు మధ్యలో "అమ్మా, మీటింగ్" అంటావు, నేను అసలు సంగతి మింగేసి వంకాయల ధరలోకి వెళ్ళిపోతాను.

ముందు నా నేరం ఒప్పుకోనీ. త్యాగరాజ కీర్తనల్లో మాటలకి అర్థాలు చెప్పుకునే నీ వాట్సాప్ గ్రూపులో వీణ బొమ్మ పెట్టుకుని, పది రోజులకోసారి ఇంగ్లీషు అక్షరాల్లో తమిళం రాసి సందేహాలడిగే నంబరు ఒకటుంది చూడు, అది నాదే. మీ నాన్న రెండో సిమ్ము. ఏడాదిన్నరగా ఆ నంబరు నుంచి ప్రశ్న వేయడం, ఓ గంట ఆగి నా నంబరు నుంచి జవాబు చెప్పడం. మధ్యలో ఆ గంట ఆగడం కూడా ఎందుకంటే అనుమానం రాకూడదని. మీ నాన్న చూసి "రెండు వైపులా నువ్వే పావులు జరుపుకుంటున్నావా" అని నవ్వారు. నువ్వేమో ఆ ప్రశ్నలు చూసి "ఇంకా అడిగేవాళ్ళున్నారమ్మా" అని మురిసిపోయేదానివి. నీ మురిపెం చూసి నేను ఇంకో ప్రశ్న వేసేదాన్ని.

మొన్న నువ్వు "ఇంక మూసేద్దామా అమ్మా" అని అడిగితే వెంటనే వద్దన్నాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. దొంగ లెక్కలు చూపించి సలహా చెప్పడం ఏం పెద్దరికం? అందుకే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని జనవరి నెల మెసేజీలన్నీ లెక్కపెట్టాను. మొత్తం 63. నీవి 26. నావి 11, వీణవి 4. శుభోదయాలూ సంక్రాంతి ముగ్గులూ కలిపి 15. పల్లావరం దగ్గర ప్లాట్లు అమ్ముతామన్న ప్రకటన 1. మిగిలినవి 6. ఆ ఆరులోనూ నాలుగు దండం పెట్టే చేతులే.

గ్రూపులో 412 మంది. నువ్వే కదా ఒకసారి చెప్పావు, జేకబ్ నీల్సన్ అనే ఆయన 2006లోనే రాశాడని. ఇలాంటి చోట్ల నూటికి 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది ఎప్పుడైనా ఓ మాట అంటారు, ఎక్కువగా మాట్లాడేది ఒక్కరే అని. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. క్లాసులోనూ అంతే కదా, నలభై మందిలో చెయ్యెత్తేది ఇద్దరే, అలాగని మిగతావాళ్ళు వినడం లేదని కాదు. కాబట్టి నిశ్శబ్దంగా ఉంది గనక చచ్చిపోయిందనను. కానీ నీల్సన్ లెక్క ప్రకారమే మన 412లో గట్టిగా మాట్లాడేవాళ్ళు నలుగురుండాలి. ఆ నలుగురిలో నువ్వొకతివి, నేనొకదాన్ని, నా వీణ ఒకటి.

ఎలా మొదలైందో గుర్తుందా? 2018 మార్గళి, చెన్నైలో కచేరీల నెల. మైలాపూర్‌లో కచేరీ అయ్యాక సభ క్యాంటీన్‌లో మన బల్ల దగ్గరే కూర్చున్న తమిళ పిల్ల, నాలుగేళ్ళుగా పాడుతున్న త్యాగరాజ కీర్తనలో ఒక మాటకి అర్థమేమిటని అడిగింది. తన పుస్తకం చూపించింది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం కదా, అందుకని ఆ పాటల పుస్తకాల్లో అక్షరం నెత్తిన చిన్నగా 1, 2, 3, 4 అని అంకెలు వేస్తారు. ఆ పిల్ల పుస్తకంలో అంకెలు లేవు. ఎవరో చేత్తో ఎత్తి రాసుకున్న దాన్ని జెరాక్సు తీశారు. పాదం, బాధ, రెండింటికీ అందులో ఒకటే రాత. స్వామి పాదాలు పట్టుకోవాల్సిన చోట ఆ పిల్ల నాలుగేళ్ళుగా స్వామి బాధలు పట్టుకుంటోంది. నువ్వు అక్కడికక్కడే, పొంగల్ చల్లారిపోతుంటే, పదకొండు మందితో గ్రూపు కట్టావు.

2020లో పాట క్లాసులన్నీ ఫోన్లలోకొచ్చేశాక చూడాలి మన వైభవం! అప్పట్లో వాట్సాప్ గ్రూపులో 256 మందికి మించి పట్టేవారు కాదు. చేరాలనుకునేవాళ్ళ పేర్లు నువ్వు నోటుపుస్తకంలో వరసగా రాసుకుని, ఎవరైనా బయటికెళ్ళగానే తర్వాతివాళ్ళని లోపలికి తీసుకునేదానివి, కల్యాణమండపంలో రెండో బంతికి నిలబెట్టినట్టు. 2022లో వాళ్ళు ఆ హద్దుని ముందు 512కీ, తర్వాత 1024కీ పెంచారు. చోటు బోలెడు వచ్చింది. వచ్చేవాళ్ళే తగ్గారు.

ఎందుకు తగ్గారని నువ్వు నాకు పంపిన జాబితా చదివాను. క్లాసులు మళ్ళీ గురువుల ఇళ్ళకి మారిపోయాయి, నిజమే. కొత్తగా చేరినవాళ్ళకి పాత మెసేజీలు కనబడవు గనక అవే ఇరవై కీర్తనలు మళ్ళీ మళ్ళీ అడుగుతారు, చెప్పేవాళ్ళకి విసుగొస్తుంది, అదీ నిజమే. నాకే ఒక్కోసారి "ఇది అయిదోసారమ్మా" అని రాయబుద్ధేసేది. ఇప్పుడు అర్థం కావాలంటే ఏఐని అడుగుతున్నారన్నావు. అది పదాలు తప్పుగా విరిచి తప్పుడు అర్థం చెప్పినా పట్టుకునేదెవరు, అంటూ నువ్వు కోప్పడ్డావు. కోపం సరే గానీ బుజ్జీ, అది నవ్వదు. ఎన్నిసార్లడిగినా, ఎంత తెలివితక్కువగా అడిగినా నవ్వదు. అక్కడే మనం ఓడిపోయాం.

నీ జాబితాలో లేనిది ఒకటుంది. నువ్వు మర్చిపోలేదు, రాయలేదంతే. 2023 మొదట్లో ఆ నంగనల్లూరు పిల్లాడు, పన్నెండేళ్ళుంటాయేమో, చరణం పాడి వాయిస్ నోట్ పెట్టాడు. పాదమన్న చోట "బాధ" అని పలికాడు. మన పెద్దాయన ఒకరున్నారు, పేరెందుకులే, గ్రూపులో అందరికంటే బాగా అర్థాలు చెప్పేవారు. "ఇంత బాధ పెట్టకు నాయనా" అని రాశారు. కింద వరసగా నవ్వే బొమ్మలు. పద్నాలుగు. అందులో ఒకటి నాది.

పది నిమిషాల్లో ఆ వాయిస్ నోట్ డిలీట్ అయిపోయింది. తర్వాత నువ్వు ఫోన్ చేసి "పెద్దాయనతో మాట్లాడనా?" అని అడిగావు. నేనే వద్దన్నాను. పెద్దవారు, చమత్కారానికన్నారు, ఆయన వెళ్ళిపోతే జవాబులు చెప్పేదెవరు అన్నాను. నలభై పిల్లల క్లాసులో ముప్ఫయ్యేళ్ళు నిలబడ్డదాన్ని, ఒక పిల్లాడిని చూసి మిగతావాళ్ళు నవ్వితే ఆ వారమంతా చేతులు లేవవని తెలియనిదాన్నా? తెలుసు. అయినా నవ్వాను, పైగా నీ నోరు మూయించాను. నిన్న వెనక్కి జరుపుకుంటూ చూశాను. ఆ రోజు తర్వాత ఈ రెండేళ్ళలో గ్రూపులోకి వచ్చిన వాయిస్ నోట్‌లు మూడే. మూడూ పెద్దవాళ్ళవి. ఆ పెద్దాయన కూడా ఆర్నెల్లకే వెళ్ళిపోయారు. దేనికి భయపడి ఊరుకున్నామో అదీ జరిగింది, పిల్లలూ పోయారు.

వెళ్ళిపోవడమంటే గుర్తొచ్చింది. ఇదివరకు ఎవరు గ్రూపు వదిలినా అందరికీ కనబడేది. 2022 నుంచి అడ్మిన్లకి మాత్రమే కనబడేలా మార్చారట. ఆ మార్పు వచ్చినప్పుడు మంచిదే అనుకున్నాను, ఎవరి పరువూ పోదని. దానివల్ల నీకేమవుతోందో ఇప్పుడు తెలుస్తోంది. ఈ రెండేళ్ళుగా ఒక్కొక్కరూ వెళ్ళడం నువ్వొక్కతివే చూస్తున్నావు. రాత్రి పదకొండింటికి ఆఫీసు పని ముగించి అది చూసి పడుకుంటున్నావు. నాకొక్కసారీ చెప్పలేదు.

ఫోన్లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి ఊసెత్తావు, ఆవిడ వదిలేసి ఉంటే ఏమయ్యేదని. మీ బెంగళూరు పేరు పెట్టుకున్న మనిషి కాబట్టి నీకు ఆవిడ మీద హక్కు ఎక్కువే. తిరువయ్యారులో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన పేరుతో రెండు జట్లు కొట్టుకుంటుంటే, ఆడవాళ్ళని పాడనివ్వకపోతే, ఆవిడ తన సొంత డబ్బుతో త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది. అది 1926. ఆడవాళ్ళతో వేరే ఆరాధన జరిపించింది. జట్లన్నీ కలిసేసరికి 1940 వచ్చింది. గొప్పదే. కానీ ఆవిడ ముందు చేయాల్సిన పనుంది, అడ్డుపడేవాళ్ళున్నారు, వెనక పాడతామనే ఆడవాళ్ళున్నారు. నీ ముందు ఏముంది? పొద్దున్నే ముగ్గులు డిలీట్ చేయడం. ఆ పనికి ఆవిడ పేరు తీసుకురాకు.

సరే, ఇప్పుడేం చేద్దాం? మూసేయమనీ అనను, నడపమనీ అనను. ఉగాది మార్చి 30న. అప్పటిదాకా నువ్వూ నేనూ ఇద్దరం గ్రూపులో నోరు మూసుకుందాం. ప్లాట్లవాళ్ళని తీసేయి, అంతవరకే. రోజుకో కీర్తన పెట్టకు, "అందరూ ఎలా ఉన్నారు" అని కదపకు. నా వీణ సిమ్ము కూడా తీసేస్తాను. ఎవరైనా అడిగి, ఇంకెవరైనా జవాబు చెబితే, అది ఒక్కసారి జరిగినా సరే, ఆ ఇద్దరికీ అడ్మిన్ ఇచ్చి నువ్వు పక్కకి జరుగు. ఎవరూ ఏమీ అడక్కపోతే మూసేయి, దిగులు పడకు. అడిగిన పిల్లకి ఎవరూ చెప్పకపోతే మాత్రం నాకు కష్టం. నేను ఊరుకోలేను, నీకు తెలుసు. ఆ పిల్ల నంబరు తీసుకుని విడిగా ఫోన్ చేసి చెబుతాను. దానికి గ్రూపు అక్కర్లేదు కదా.

మూసేదయితే రాత్రికి రాత్రి ఎగ్జిట్ కొట్టి వెళ్ళిపోకు. అడ్మిన్లందరూ పోతే గ్రూపులో మిగిలినవాళ్ళలో ఎవరో ఒకర్ని వాట్సాప్ తనే అడ్మిన్ చేసేస్తుందట. అది ఆ పల్లావరం ప్లాట్లాయనకి తగిలిందనుకో, త్యాగయ్య పేరు మీద రియల్ ఎస్టేట్ సాగుతుంది. 2014లో ఆర్కుట్ మూసేసినప్పుడు నువ్వు ఎంత గొడవ చేశావు! అయినా వాళ్ళు జూన్ 30న చెప్పి సెప్టెంబరు 30న మూశారు, మూడు నెలలు టైమిచ్చారు. ఫొటోలు తీసుకోమన్నారు. నువ్వు ఆఖరి వారం దాకా తీసుకోలేదు, అది వేరే సంగతి. మనమూ ఓ నెల ముందు చెబుదాం. ఫలానా తేదీ నుంచి అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేరు, ఉన్నది చదువుకోవచ్చు అని. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి నాకు పంపు. ఇన్నేళ్ళలో మనం విప్పిన మాటలు కీర్తనల వరుసలో నేను నోటుపుస్తకాలకి ఎక్కిస్తూనే ఉన్నాను, రెండు నిండాయి. మిగిలింది ఎక్కించాక స్కాన్ చేసి అడిగినవాళ్ళకి ఇద్దాం. మన ఖాతాలో మిగిలిన 1,850 రూపాయలు ఎవరెవరిచ్చారో వాళ్ళకి వెనక్కి పంపు. చిన్న మొత్తమే అని ఊరుకోకు.

ఇంకొకటి. గ్రూపు ఉన్నా పోయినా, ఆ నంగనల్లూరు పిల్లాడి అమ్మ నంబరు నాకు పంపు. రెండేళ్ళయింది, ఇప్పుడేం మాట్లాడతావని మీ నాన్నంటున్నారు. ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. ఫోనయితే చేస్తాను.

ఇంతవరకూ నిన్న రాశాను. ఇవాళ పొద్దున సిమ్ము తీద్దామని ఆ పాత ఫోన్ తెరిస్తే వీణ నంబరుకి విడిగా ఒక మెసేజ్ వచ్చి ఉంది. మన గ్రూపులోని పిల్లే, ఎప్పుడూ ఒక్క మాట రాసిన మనిషి కాదు. తమిళంలో రాసింది. "అక్కా, పోయిన వారం మీరడిగిన మాటకి టీచరమ్మ చెప్పిన అర్థం మీకు తెలిసిందా? నాకు తెలియలేదు. గ్రూపులో అడగాలంటే భయంగా ఉంది. మీరూ నాలాగే నేర్చుకుంటున్నారు కదా, అందుకని మిమ్మల్ని అడుగుతున్నా" అని.

ఆ టీచరమ్మని నేనే. సిమ్ము ఇంకా తీయలేదు. మీ నాన్నకి చూపిస్తే ఈసారి నవ్వలేదు. ఈ పిల్లకి ఏ నంబరు నుంచి జవాబివ్వమంటావో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

అమ్మ