బర్షిమ్ అంటే ఆ ఒక్క ఫొటోయేనా?

సంపాదకుల వారికి,

హైజంప్ ఆటగాడు ముతాజ్ ఈసా బర్షిమ్ పేరు ఎత్తితే చాలు, అందరికీ టోక్యో ఒలింపిక్సే గుర్తొస్తుంది. 2021 ఆగస్టు 1న ఇటలీ ఆటగాడు తంబేరితో కలిసి స్వర్ణం పంచుకున్న క్షణం గొప్పదే, నేనూ కళ్లు తుడుచుకున్నాను. కానీ ఆ ఖతార్ ఆటగాడి ప్రయాణమంతా ఆ ఒక్క ఫొటోలో ఇరికించేయడం నాకు బాధగా ఉంది.

2014లో బ్రస్సెల్స్‌లో అతను 2.43 మీటర్లు దాటాడు. అంతకంటే ఎత్తు ఎగిరింది ప్రపంచంలో ఒక్కరే, 1993లో 2.45 మీటర్లు దాటిన క్యూబా ఆటగాడు సోటోమేయర్. 2018లో హంగరీలో ఆ రికార్డు కోసం 2.46కి ప్రయత్నిస్తూ బర్షిమ్ చీలమండ లిగమెంట్ తెగింది. అదీ ఎడమ కాలు, అంటే అతను నేలను తన్ని పైకి లేచే కాలు! హైజంపర్ వంపు తిరిగి పరుగెత్తుకొచ్చి, వేగాన్నంతా ఆ ఒక్క పాదం మీదే మోపి లేస్తాడు. ఆ కాలిని మళ్లీ నమ్మాలంటే ఎంత టెన్షనో! అయినా మరుసటి ఏడాదే దోహాలో, సొంత జనం ముందు 2.37 దాటి ప్రపంచ విజేతగా నిలిచాడు. 2017లోనూ 2022లోనూ ఆ టైటిల్ అతనిదే. పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం కూడా గెలిచాడు.

గాయం నుంచి కోలుకున్న ఆ ఏడాది గురించి ఆదివారం అనుబంధంలో ఒక పూర్తి పేజీ ఇవ్వండి. మా పిల్లలకు చదివి వినిపిస్తాను.

– ఒక పాఠకుడు