మా బడి వైపు నిలబడ్డ అక్కకు కృతజ్ఞతలు

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. జూన్‌లో పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడిబాటకు మేం టీచర్లం ఇల్లిల్లూ తిరుగుతుంటే "సర్కారు బడిలో ఇంగ్లిష్ మీడియం ఉండదు కదా సార్" అని చాలామంది గడప దగ్గరే ఆపేశారు. తెలంగాణలో 2022 నుంచి ఉందంటే నమ్మలేదు. మీరు మీ పాప పుస్తకం తెచ్చి అరుగు మీద తెరిచారు. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. పాప వేలు పెట్టి ఇంగ్లిష్‌లో రెండు లైన్లు చదివింది. ప్రైవేటు స్కూలు ఫీజుకు అప్పు చేయబోతున్న ఒక తల్లి అక్కడికక్కడే ఆధార్ కార్డు తెచ్చిచ్చింది.

పిల్లలు తగ్గితే టీచర్‌ని సర్దుబాటు పేరుతో వేరే ఊరికి పంపిస్తారు. టీచర్ లేడని ఉన్న పిల్లలూ వెళ్లిపోతారు. ఈ ఏడాది మా బడికి ఆ గండం తప్పింది. బీడీల పని మానుకుని, కూలి పోగొట్టుకుని మాతో తిరిగారు. మీకు రుణపడి ఉంటాం అక్కా.