మారేడుమిల్లి సైకిల్ రైడ్‌కి వచ్చేవాళ్లు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం అండి. ఈసారి మారేడుమిల్లే ఖాయం. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. పాపికొండలు కూడా కలుపుదామని కొందరు అడిగారు. అక్కడ గోదావరి కొండల మధ్య ఇరుకుగా పారుతుంది, దాన్ని లాంచీ మీద చూస్తేనే అందం. ఇంకోసారి వెళ్దాం.

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్తేనే అసలు ఘాట్ రోడ్డు. మన కోనసీమలో ఎత్తంటే వంతెనలూ ఏటిగట్లే కదా, అందుకే గేరు మార్చే అలవాటు తక్కువ. ఎత్తు మొదలవకముందే తేలిక గేరులోకి వచ్చేయండి. బలమంతా పెట్టి తొక్కుతూ మారిస్తే చైను పడిపోతుంది.

దిగేటప్పుడే నాకు మీ గురించి ఎక్కువ బెంగ. బ్రేకు అదేపనిగా పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలొచ్చు. మలుపుకి ముందే నొక్కి వేగం తగ్గించి, వదిలి, అప్పుడు తిరగండి. లారీలు మలుపులో మన వైపుకి వచ్చేస్తాయి, ఎడమ పక్కనే ఉండండి.

అప్పటిదాకా సాయంత్రాలు అంతర్వేది వైపు తొక్కండి. సముద్రపు ఎదురుగాలి కాళ్లకి మంచి సాధన. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఎవరూ ఒంటరిగా ముందుకి వెళ్లొద్దండి. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా పేరు పెట్టండి.