నడిచేటప్పుడు మనసుకు ఏం చెప్పాలి?

సంపాదకుల వారికి,

ఎండలు ముదరగానే నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో నడిచేవాళ్లు పలచబడతారు. చాలామందిని ముందు ఆపేది ‘నా వల్ల కాదు’ అన్న మాటే. అట్లాగని ‘నాకు తిరుగే లేదు’ అనుకున్నా మనసు నమ్మదు, ఆయాసం రాగానే అది తేలిపోతుంది. చేసే పనినే చెప్పుకోవాలి: ‘ఆ వేపచెట్టు దాకా పోదాం, భుజాలు వదులు చెయ్.’ పేరు పెట్టి పిలుచుకుంటే ఇంకా మేలు: ‘లక్ష్మీ, ఇంకో రెండు నిమిషాలు.’ ఒకరోజు తప్పితే ‘అంతా పాయె’ అనొద్దు, ‘రేపు 6 గంటలకు బూట్లు వేసుకుంటా’ అనాలి. పెద్దలకు సిఫారసు చేసే వారానికి 150 నిమిషాల చురుకైన నడక అంటే రోజుకు 30 చొప్పున 5 రోజులే! ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం మనసుకు సర్దిచెప్పొద్దు, వెంటనే ఆగి డాక్టరును కలవాలి. మనసుతో ఇట్లా మాట్లాడుకోవడం బడుల్లో పీఈటీ సార్లు పిల్లలకు నేర్పాలని కోరుతున్నాం.

– వ్యాయామ శిక్షకులు, నల్లగొండ