బండి తాళాలు మాత్రం అడగకు

చిరంజీవి చిన్నబ్బాయికి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. సార్వా కోతలు అయిపోయాయి, మన ధాన్యం ఇంకా కొంత కళ్లంలోనే ఉంది. తడి ఆరితే మిల్లుకి తోలతాం.

రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిన విషయం అమ్మకి అప్పుడు చెప్పలేదు. పొద్దున్న కాఫీ తాగాక చెప్పాను. ఫోన్లో అయితే నువ్వో మాట, నేనో మాట అనుకుని పెట్టేస్తాం. అందుకే కూర్చుని రాస్తున్నాను, నువ్వూ నింపాదిగా చదువు.

రెడ్ సిగ్నల్ దాటావు, చేతిలో ఫోన్ ఉంది, పట్టుకున్నారు, లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు. తప్పేనని నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి దాని గురించి మళ్లీ ఎత్తను. నాకు బాధ కలిగించింది ఆ తర్వాత నువ్వన్న మాట. "పండక్కి వస్తున్నా, బండి సర్వీసింగ్ చేయించి ఉంచు నాన్నా, మన కాలవ గట్ల మీద ఎవరు చూస్తారు" అన్నావు. ఎవరు చూసినా చూడకపోయినా ఆర్డర్లో ఉన్న తేదీ దాటేదాకా నువ్వు బండి నడపడానికి వీల్లేదు. తాళాలు నేను ఇవ్వను. అన్నయ్యకి కూడా చెప్పాను, వాడూ ఇవ్వడు.

"ట్రాఫిక్ ఎస్సై నా లైసెన్సు పీకేశాడు" అన్నావు చూడు, అది సరి కాదు. లైసెన్సు సస్పెండ్ చేసే అధికారం పోలీసులకి లేదు. ఫలానా తప్పులు చేశాడని నమ్మితే లైసెన్సు తీసుకుని ఆర్టీవో ఆఫీసుకి పంపడమే వాళ్ల పని. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్లో అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, రోడ్డు మీద పందేలు, హెల్మెట్ లేకపోవడం, ముగ్గురు ఎక్కడం, అంబులెన్సుకి దారి ఇవ్వకపోవడం, ఇలా జాబితా ఉంది. సిగ్నల్ దాటడం, చేత్తో ఫోన్ పట్టుకుని నడపడం 2019 సవరణలో ప్రమాదకర డ్రైవింగ్ కిందకి తెచ్చారు. ఆ తర్వాత ఆర్టీవో వాళ్లు నీకు నోటీసు ఇవ్వాలి, నువ్వు చెప్పేది వినాలి, కారణాలు కాగితం మీద రాసి ఆర్డర్ ఇవ్వాలి. మొదటిసారికి మూడు నెలలు. రెండోసారి అదే పని చేస్తే ఇక సస్పెన్షన్ ఉండదు, లైసెన్సు రద్దే.

నీకు నోటీసు వచ్చింది, వెళ్లి సమాధానం చెప్పుకున్నావు, ఆర్డర్ చేతికి వచ్చింది. పద్ధతి ప్రకారమే జరిగింది. అన్యాయం అనిపిస్తే ఆర్డర్ అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకునే హక్కు నీకుంది, చేసుకో, నేను వద్దనను. చేసుకోకపోతే మాత్రం ఆర్డర్ని పాటించాలి.

లైసెన్సు తీసుకున్న రోజు నీకు ఇచ్చిన రశీదు పెట్టుకుని వారం రోజులు ఆఫీసుకి బండి మీదే వెళ్లానన్నావు. చాలామంది ఆ రశీదే లైసెన్సు అనుకుంటారు. కాదు బాబూ. లైసెన్సు తిరిగి ఇచ్చేదాకా ఆ రశీదుతో బండి నడపకూడదని చట్టంలోనే రాసి ఉంది. అయితే రశీదు ఇవ్వడం పోలీసుల బాధ్యత. ఇవ్వకుండా కార్డు జేబులో వేసుకుపోతే మర్యాదగా అడగాలి, అలా అడగడం ఎదురు తిరగడం కాదు. నీ స్నేహితుడికి రశీదు ఇవ్వలేదన్నావు కదా, అతనికీ ఈ మాట చెప్పు.

కార్డు వాళ్ల దగ్గరున్నా ఫోన్లో డిజిలాకర్ ఉందిగా అన్నావు. ఫోన్లో కాగితాలు చెల్లుతాయని 2018లోనే చెప్పారు, నిజమే. కానీ ఆ ఫోన్లో కనిపించేది ప్రభుత్వ రికార్డే. సస్పెండ్ అయిన, రద్దయిన లైసెన్సుల వివరాలు పోర్టల్లో వరసగా ఎక్కించాలని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన వచ్చింది. రోడ్డు మీద కానిస్టేబుల్ చేతిలో ఉండే ఈ-చలానా మిషన్లో నీ లైసెన్సు నంబరు కొడితే సారథి అనే ప్రభుత్వ లైసెన్సుల రికార్డు తెరుచుకుంటుంది. విశాఖపట్నంలో ఆపిన లైసెన్సు అమలాపురంలో చెల్లదు, చెన్నైలోనూ చెల్లదు. ఆపింది నిన్ను, కార్డుని కాదు.

మన దగ్గర తనిఖీలు తక్కువన్నది అబద్ధం కాదు. పండగ రోజుల్లో రావులపాలెం సెంటర్లో, ఎదుర్లంక వంతెన దగ్గర యానాం నుంచి వచ్చే బళ్లని ఆపడం నువ్వూ చూశావు. హెల్మెట్ల గురించి 2024లో హైకోర్టు గట్టిగా చెప్పాక అమలాపురంలో కూడా ఆపుతున్నారు. లోపలి రోడ్ల మీద ఎవరూ ఉండరు. ఇన్ని లంకలు, ఇన్ని కాలవలు, ఇన్ని వంతెనలు, ప్రతి మలుపులో మనిషిని నిలబెట్టడం ఏ స్టేషన్ వల్లా కాదు. పట్నాల్లో కెమెరాలున్నాయి, కానీ కెమెరాకి నంబర్ ప్లేటు తెలుస్తుంది గాని నడిపేవాడి లైసెన్సు తెలియదు. చలానా బండి ఓనరు ఇంటికి వస్తుంది. సస్పెన్షన్లో ఉన్నవాడు దొరకాలంటే ఒక మనిషి ఆపి, పేరడిగి, నంబరు కొట్టి చూడాల్సిందే. ఇంట్లోవాళ్లు తాళాలు చేతిలో పెడితే ఆర్డర్ కాగితం మీదే ఉండిపోతుంది. ఆ పని మన ఇంట్లో జరగకూడదని నా పట్టుదల.

బండి నా పేరు మీద ఉంది. చెల్లే లైసెన్సు లేనివాడికి తెలిసి బండి ఇచ్చిన ఓనరుకి 180వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడొచ్చు. నడిపినవాడికి 182 కింద 10,000 రూపాయలు, జైలు కూడా పడొచ్చు. బండిని స్టేషన్‌కి పట్టుకుపోయే అధికారం కూడా వాళ్లకుంది. డబ్బు సంగతి అటుంచు. ఆ రోజు బండి నడిపింది ఎవరు అని పోలీసులు అడిగితే ఓనరు చెప్పి తీరాలని చట్టం. అప్పుడు నీ పేరు చెప్పాలి, లేదా అబద్ధం ఆడాలి. నేను అబద్ధం ఆడను. నీ పేరు నా నోటితో చెప్పే పరిస్థితి నాకు తేకు.

మన పక్క ఊళ్లో నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి ఉంది. సంక్రాంతి ముందు రోజుల్లో మంచు ఎలా ఉంటుందో నీకు తెలుసు, గట్టు మీద పది అడుగుల అవతల ట్రాక్టరు ఉన్నా కనపడదు. అలాంటి తెల్లవారుజామున మేనల్లుడికి బండి ఇచ్చారు. వాడి లైసెన్సు అప్పటికి సస్పెన్షన్లో ఉంది. దాళ్వా నాట్లకి వెళ్తున్న ఒక ఆడమనిషిని గుద్దాడు. ఆవిడ బతకలేదు. ఇద్దరు చిన్నపిల్లలు. నష్టపరిహారం బీమా కంపెనీ ముందు ఆ కుటుంబానికి కట్టింది, తర్వాత ఆ మొత్తం బండి ఓనరు దగ్గర వసూలు చేసుకుంది. కట్టిన ప్రీమియం కాగితం ఓనరు చేతిలోనే ఉంది, అయినా డ్రైవరుకి చెల్లే లైసెన్సు లేదు కాబట్టి భారం ఆయన మీద పడింది. కొబ్బరితోట అమ్మారు. తోట పోయిందని ఆయన ఒక్కనాడూ ఏడవలేదు. ఆ పిల్లలు బడికి వెళ్తూ ఆ ఇంటి ముందు నుంచే నడుస్తారు, వాళ్లని చూసినప్పుడే ఆయన లోపలికి వెళ్లిపోతాడు.

మీ మావయ్య నిన్న సాయంత్రం వచ్చి ఇంకో దారి చెప్పాడు. ఊరి అడ్రసుతో ఏజెంటు ద్వారా కొత్త లైసెన్సు తీయిద్దామని. నీకూ చెప్పే ఉంటాడు. వద్దు. సస్పెన్షన్లో ఉండగా ఇంకో లైసెన్సుకి దరఖాస్తు పెట్టడం కూడా బండి నడిపినంత నేరమే, శిక్షా అదే, అలా తెచ్చుకున్న లైసెన్సు చెల్లదు కూడా. మావయ్య ప్రేమతోనే చెప్పాడు, ఆయన్ని ఏమీ అనకు.

నేను ఇన్నేళ్లు ఆర్టీసీలో స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. డ్యూటీ ఎక్కే ముందు డిపోలో మిషన్లో ఊదాలి, లైసెన్సు గడువు ఒక్కరోజు దాటినా బండి ఇవ్వరు. రాత్రి సర్వీసులో నా వెనక ఎవరో ఏమిటో తెలియనివాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేవారు. డ్రైవరు మొహం కూడా సరిగా చూడకుండా ఎక్కి పడుకునేవారు. వాళ్లకి నా మీద ఉన్న నమ్మకానికి ఆధారం ఆ లైసెన్సు ఒక్కటే. నీ బండి వెనక ఎవరూ లేకపోవచ్చు, ఎదురుగా వచ్చేవాళ్లు ఉంటారుగా.

మన వీధి చివర వ్యాను నడిపే అతను నీకు గుర్తున్నాడు కదా, నీ చిన్నప్పుడు నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఒకసారి పెళ్లివాళ్లు బతిమాలితే సరుకు వ్యానులో మనుషుల్ని ఎక్కించాడు. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రత కమిటీ 2015లో ఆరు రకాల తప్పులకి మూడు నెలలకి తక్కువ కాకుండా సస్పెండ్ చేయమని రాష్ట్రాలకి చెప్పింది. అతివేగం, సిగ్నల్ దాటడం, ఓవర్‌లోడు, సరుకు బండిలో మనుషులు, తాగి నడపడం, నడుపుతూ ఫోన్. నీది, అతనిది రెండూ అందులో ఉన్నాయి. అతని లైసెన్సు ఆగింది. నీకు మూడు నెలలంటే బస్సెక్కి ఆఫీసుకి వెళ్లడం, అతనికి పొయ్యి వెలగకపోవడం. వ్యాను ఇంటి ముందే ఉంది, తాళం జేబులోనే ఉంది, అంబాజీపేటకి కాయ తోలమని రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. అతను ముట్టుకోలేదు. ఆ మూడు నెలలూ కొబ్బరికాయ ఒలుపుకి వెళ్లాడు. కాయకింతని కూలి, సాయంత్రానికి అరచేతులు బొబ్బలు. ఏమయ్యా ఒక్క ట్రిప్పు తోలుకోవచ్చుగా, ఎవరు చూస్తారు అని నా ముందే ఒకాయన అన్నాడు. "నా వ్యానులో ఎక్కిన పెళ్లివాళ్లు పడిపోతే ఏమయ్యేదోనని నాకే ఇప్పుడు భయమేస్తోందండి, ఆపనీండి" అన్నాడు. చదువుకున్నది తక్కువ. ఆ మనిషంటే నాకు ఎంత గౌరవమో ఇదివరకు నీకు చెప్పలేదు.

ఒకటి మాత్రం నాకూ నచ్చదు. ఇలా నడిపి బతికేవాళ్లకి, సరదాకి నడిపేవాళ్లకి ఒకే మూడు నెలలు పెట్టడం. బతుకుతెరువు పోయినవాడికి ఆ రోజుల్లో ఏదో ఒక ఆసరా ఉండాలి. అది ప్రభుత్వం ఆలోచించాల్సిన సంగతి, ఆర్డర్ని పక్కన పెట్టడానికి అది కారణం కాదు.

ఇక పండక్కి రావడం సంగతి. కోనసీమకి రైలు ఇంకా రాలేదు కాబట్టి కాకినాడ దాకా వచ్చి, అక్కడ నుంచి యానాం, ముమ్మిడివరం మీదుగా అమలాపురం బస్సెక్కు. రాజమండ్రిలో దిగితే రావులపాలెం మీదుగా బస్సులు చాలా ఉంటాయి. భోగి ముందు రోజు రద్దీ ఎక్కువ, ముందే రిజర్వేషన్ చేయించుకో. ఎర్రవంతెన దగ్గర దిగి ఫోన్ చెయ్యి, అన్నయ్య వచ్చి తీసుకొస్తాడు. వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకోవాలి, వాడు నీకోసం రెండోది తెస్తాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం కలిసి వెళ్దాం, బళ్లు ఎలాగూ దూరంగానే ఆపేస్తారు, నడవాల్సిందే. ఊళ్లో తిరగడానికి నీ పాత సైకిలు బాగు చేయిస్తున్నాను. వెనక టైరు మార్చారు, బ్రేకులు రేపు వేస్తానన్నాడు.

ఆర్డర్ కాపీ ఫొటో తీసి అన్నయ్యకి పంపు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అందులో ఉంటుంది, మన క్యాలెండర్లో రాసి పెడతాను. సస్పెన్షన్ అయ్యాక మళ్లీ శిక్షణ తీసుకుంటేనే లైసెన్సు తిరిగి ఇవ్వాలని 2019 సవరణలో పెట్టారు, ఆ శిక్షణ ఎక్కడో, ఏ కాగితాలు కావాలో ఆఫీసులో ఇప్పుడే కనుక్కో, చివరి రోజుదాకా ఆగకు. అమ్మ అరిసెలకి బియ్యం నానబోసే రోజు అడుగుతోంది, నువ్వు వచ్చే తేదీ రాయి.

ఆశీస్సులతో,
నాన్న